ఎన్నిసార్లు అని అడిగితే

“నువ్వు చాయ్ తాగకుంటే నీ కోడలి రోగం తగ్గుతదా? ముందుగాల రెండు బిస్కెట్లు తిని గా షుగర్ గోలీ వేసుకో అమ్మా,” అని మా ఆయన జగదీశ్ అప్పటికి మూడోసారి అంటున్నారు. అత్తమ్మ బుచ్చమ్మ వింటేగా. చాయ్ గ్లాసు మీద సాసర్ బోర్లించి, దాని మీద అరచెయ్యి పెట్టి, వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది.

“కోడలు నోరు కట్టుకోని కూసుంటే నేను సప్పరిచ్చుకుంట తాగాల్నా? నీకు దిగుతదేమో, నాకు దిగదు.”

“ఇరవై ఆరు రోజుల సంది ఇదే లొల్లి. కండ్లు తిరిగి పడ్డవనుకో, ఇద్దర్నీ నేనే దవాఖానకు మొయ్యాలె.”

“మొయ్యి. నిన్ను నేను మొయ్యలేదా?”

మా అమ్మాయి అలేఖ్య నోట్లో బ్రష్‌తోనే వచ్చి, “నానమ్మా, అమ్మ గోలీ ఖాళీ కడుపుతోనే పనిచేస్తది. నీ గోలీ తింటేనే పనిచేస్తది. నువ్వు రివర్స్‌ల పోతున్నవ్,” అని నురగ మింగకుండా చెప్పి వెళ్లిపోయింది. అత్తమ్మ నా వైపు చూసి, చూశావా వీళ్లని అన్నట్టు తల ఊపింది. నేను నవ్వాననుకుంటాను.

ఐదున్నరకు వేసుకున్నాను మాత్ర, గ్లాసెడు మంచినీళ్లతో. ఆరున్నర దాకా ఇంకేమీ నోట్లోకి పోకూడదు. పెళ్లయిన పాతికేళ్లలో పొద్దున పూట ఒక గంటసేపు నన్ను కుర్చీలో ఊరికే కూర్చోబెట్టిన మందు ఇదొక్కటే. మొదటి వారం ఆ గంట ఎంత బాగుండేదో. ఈ పక్క వరండాలో కుర్చీ వేసుకుంటే మిల్లుల వైపు నుంచి ఉడికిన వడ్ల వాసన వచ్చేది, రాత్రి పడిన ఊక బూడిద గచ్చు మీద పలచగా పరుచుకుని ఉండేది, ఎవరూ నన్ను లేపి చీపురు ఇచ్చేవారు కాదు. ఇప్పుడు ఆ గంటంటేనే భయం. చేతిలో పనుంటే కొన్ని సంగతులు గుర్తు రావు, పని లేకపోతే వరసగా వచ్చి ముందు నిలబడతాయి. ఏడింటికి హైదరాబాద్ బయల్దేరాలి. నెల విజిట్. రక్తం తీస్తారు, తూకం చూస్తారు, తర్వాత డాక్టరు గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, రోజూ అలేఖ్య ఫోన్‌లో నింపిన అంకెలు చూస్తారు. రోజుకు మొహం ఎన్నిసార్లు ఎర్రబడింది, రోజుకు ఎన్నిసార్లు బాత్రూంకు పోవాల్సి వచ్చింది. చూసి, బాగుందమ్మా అంటారు. ఆ మాట తలుచుకుంటే కడుపులో తిప్పుతోంది, లేక అది నిజంగా తిప్పడమేనేమో, ఈ మధ్య నాకు రెండూ ఒకేలా ఉంటున్నాయి. ఎందుకంటే ఆ అంకెల్లో సగం అబద్ధం. మొహానివి నిజం. రెండోవి అబద్ధం. ఇరవై ఐదు రోజుల అబద్ధం.

మొహం గురించి అబద్ధం చెల్లదు, అందరికీ కనపడుతుంది కదా. మొట్టమొదట కోదాడలో మా తమ్ముడి గృహప్రవేశంలో వచ్చింది, ఆరేళ్ల కిందట. గొంతు కింద ఎక్కడో అగ్గిపుల్ల గీసినట్టు మొదలై మెడకు, చెంపలకు, చెవులకు పాకింది. ఫొటోల్లో నేనొక్కదాన్నే ఎర్రగా ఉన్నాను. కోదాడ వాళ్లు పుట్టింటికొచ్చిన కళ అన్నారు. మిర్యాలగూడ వచ్చాక దానికే కోపం అని పేరు పెట్టారు. ఆయన మిల్లులో బాయిలర్ చూసుకుంటారు, ముల్లు ఎర్రగీత దాటిందా అని ప్రెషర్ మీటరు ముందు పొద్దంతా చూసి చూసి ఇంటికొచ్చి నా మొహం కూడా అలాగే చూసేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేవారు. నాకే కోపమూ లేదండీ అంటే నమ్మేవారు కాదు. ఒకసారి ఫ్రిజ్ సంగతి మాట్లాడుకుంటుంటే మొహం మండింది, మర్నాడే కొత్త ఫ్రిజ్ దిగింది. రోగమని తెలిసిన రోజు డాక్టరు ముందే, “అయితే నేను ఫ్రిజ్ ఊరికెనే కొన్ననా?” అన్నారు. డాక్టరు నవ్వారు, నేను నవ్వాను, బయటికొచ్చాక మెట్ల మీద ఆయన కూర్చుని ఏడ్చారు. నేను ఏడవలేదు. నాకు వెంటనే బాత్రూం వెతుక్కోవాల్సి వచ్చింది.

అదీ రెండోది. దాన్ని గురించి ఎవరం మాట్లాడుకుంటాం. కోదాడ నుంచి సూర్యాపేట దాకా హైవే నాకు ఊళ్లుగా గుర్తుండదు, తలుపులుగా గుర్తుంటుంది. మునగాల దగ్గర లోపలి నుంచి గడియ పడే ధాబా తలుపు, దాటాక నీళ్లుండే పెట్రోల్ బంకు, సూర్యాపేట బస్టాండ్‌లో ఎడమ పక్క మూడోది. ఇటు నల్గొండ పోయే దారిలో వేములపల్లి దాటితే మాడుగులపల్లి దాకా ఏమీ లేదు, ఆ కాసిని మైళ్లు నేను కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టుకుని పోయేదాన్ని, ఆయన నిద్రపోయానని రేడియో తగ్గించేవారు. పెళ్లిళ్లలో అన్నం కెలికి లేచేదాన్ని. వాళ్ల వంట నచ్చలేదు కోదాడామెకి అనేవారు. ఆర్‌ఎంపీ గ్యాసన్నాడు, సూర్యాపేటలో ఒకాయన థైరాయిడ్ అన్నారు, అత్తమ్మ ముట్లు ఆగే వయసు అంది. నాలుగేళ్లు అలా గడిచాక స్కానింగ్‌లో చిన్నపేగులో కందిగింజంత గడ్డ కనపడింది, లివర్ మీద నాలుగు మచ్చలు. న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్ అన్నారు. అది ఒక హార్మోన్ వదులుతుందట, అదే మొహాన్ని మండిస్తుంది, అదే పేగుల్ని పరిగెత్తిస్తుంది. కందిగింజంత దానికి నేను నాలుగేళ్లు లొంగి బతికానని తెలిసి మొదట సిగ్గేసింది, భయం తర్వాతే వేసింది.

లేవాలి. ఇప్పుడే. కుర్చీ చప్పుడు కాకుండా లేచి వెళ్లి, ముందు కొళాయి తిప్పి, బకెట్‌లో నీళ్లు దబదబా పడుతుంటే ఆ చప్పుడు మాటున కూర్చున్నాను. లేచీ లేవగానే ఒకటి. ఇది రెండు. ఈ ఇంట్లో నీళ్లకు కరువు లేదు కాబట్టి సరిపోయింది. అవతల ఆయన, “మీ అమ్మ తానానికి పోయిందా?” అని అలేఖ్యను అడగడం వినపడింది. బయటికొచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాను, నీళ్ల చప్పుడు మీద అనుమానం రాకుండా మొహం కడుక్కుని, తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుని. ఐదు యాభై ఐదు.

జానమ్మ నాకు పరిచయమైంది కూడా బాత్రూం ముందే. హైదరాబాద్ ఆసుపత్రిలో ఒకే తలుపు దగ్గరికి ఇద్దరం ఒకేసారి పరిగెత్తాం. “నువ్వు పో సెల్లె,” అంది. “లేదు, మీరు వెళ్లండి,” అన్నాను. “మర్యాదలకు టైం లేదు, పో,” అని నన్ను లోపలికి తోసింది. తర్వాత ఇద్దరం బెంచీ మీద కూర్చుని కడుపులు పట్టుకుని నవ్వుకున్నాం. మునగాల ఆమెది, నాట్లకూ కలుపులకూ పోయే మనిషి, నాకంటే ఆరేడేళ్లు పెద్ద, కొడుకు సంతోష్ హైవే మీద ధాబాలో వంట చేస్తాడు. ఇద్దరిదీ పాత నల్గొండ జిల్లానే అని తెలిశాక ఆమె నన్ను వదల్లేదు. నా మొహం ఎర్రబడటం చూసి, “నీకు నయం సెల్లె, కనపడతది. నా నల్ల మొఖం మీద ఏం కనపడతది? మంట నాకొక్కదానికే ఎరుక. మడికట్ల మీద కూలబడితే పని దొంగ అన్నరు,” అంది. ఆ మాట అప్పుడు విని ఊరుకున్నాను. ఇప్పుడు రోజూ వినపడుతోంది. ఆమె ఒంటి మీద పైకి కనపడేది ఏమీ లేదు, ఆమె చెప్పిన మాటే ఆధారం. అందుకేనేమో ఎన్నిసార్లని ఎవరడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పేది, తొమ్మిదంటే తొమ్మిది, పక్కన మగవాళ్లున్నా సరే.

ఇద్దరికీ నెలకొక ఇంజక్షన్ ఉండేది. లావు సూది, చిక్కటి మందు, తుంటిలో వారం పాటు గడ్డ కట్టి పక్కకు తిరిగి పడుకోనిచ్చేది కాదు. మూడు వారాలు బాగుండేది, నాలుగో వారం మందు పలచబడి మళ్లీ కొళాయి చప్పుడు మొదలయ్యేది. అప్పుడు వచ్చింది ఈ మాత్ర సంగతి. రోజుకొకటి, సూది లేదు. ఇంకా పరీక్షలోనే ఉంది. ఆసుపత్రిలో పరీక్ష పనులు చూసే సుమన్ అనే అబ్బాయి మా అందరినీ కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు: పాత ఇంజక్షన్ ఆపేస్తారు, కొంతమందికి అసలు మాత్ర, కొంతమందికి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్త మాత్ర. ఎవరికేది వచ్చిందో మీకు తెలియదు, నాకు తెలియదు, డాక్టర్ సార్‌కూ తెలియదు. అత్తమ్మ వెంటనే, “ఎవ్వలకూ తెల్వకుంటే మరి రోగానికెట్ల తెలుస్తది బిడ్డా?” అంది. “రోగానికి తెలుస్తదనే మేం మిమ్మల్ని రోజూ అడిగేది, పెద్దమ్మా,” అన్నాడు సుమన్. బాధ ఎక్కువైతే ఓర్చుకోవద్దు, ఫోన్ చేయండి, వెంటనే ఇంజక్షన్ ఇస్తాం, ఈ ఆరు వారాలు గడిచాక అందరికీ అసలు మాత్రే ఇస్తాం అన్నాడు. నేను సంతకం పెట్టింది ఆ చివరి మాట కోసం. సూది లేని బతుకు కోసం.

మరి ఎందుకు చెప్పాను రెండు అని. మొదటి రోజు రాత్రి అన్నాల దగ్గర. అందరం పళ్లేల ముందున్నాం, ఫోన్ స్పీకర్‌లో కోదాడ నుంచి మా తమ్ముడు, అలేఖ్య తన ఫోన్ తీసి గడి తెరిచి, టీచరమ్మలా, “అమ్మా, ఇయ్యాల మోషన్స్ ఎన్నిసార్లు?” అంది. ఏడు. అన్నం పళ్లెం ముందు, మొగుడి ముందు, అత్తగారి ముందు, ఫోన్‌లో తమ్ముడు వింటుంటే, ఏడు అని నోరు తిరగలేదు. రెండు అన్నాను. అంతే. ఆయన చేయి పళ్లెంలోనే ఆగిపోయింది. “రెండేనా?” అన్నారు. అత్తమ్మ దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది. తమ్ముడు స్పీకర్‌లో, “అక్కా, ఒక్క గోళీకే?” అని అరిచాడు. వాళ్లందరి మొహాలూ ఆ క్షణంలో ఎలా వెలిగాయంటే, అది నేను చేసిన పని అనిపించింది, ఆరేళ్లుగా నా వల్ల ఈ ఇంట్లో వెలగనివి. మర్నాడు నిజం చెపుదామనుకున్నాను. మర్నాడు అత్తమ్మ సేమియా పాయసం చేసింది. ఆ తర్వాత రోజు ఆయన మిల్లులో అందరికీ చెప్పి వచ్చారు. రాత్రి పన్నెండు దాటితే ఆ రోజు గడి మూసుకుపోతుంది, దిద్దడానికి వీలుండదు. ఒక్కో రాత్రి ఒక్కో గడి అలా మూసుకుంటూ పోయాయి, నేను చూస్తూ ఉన్నాను. రెండు, రెండు, మూడు, రెండు. ఒక్కోరోజు ఎనిమిదిసార్లు పోయి వచ్చి, మూడు అని చెప్పి, మరీ నమ్మకం కుదరాలని మూడు అన్నానా అని నన్ను నేనే అసహ్యించుకున్నాను.

సుమన్ పదో రోజున ఫోన్ చేశాడు. “మేడం, మొహం ఎర్రబడటం ఏం తగ్గలేదు, మోషన్స్ మాత్రం బాగా తగ్గినయ్. మామూలుగ రెండూ కలిసే తగ్గుతయ్ గదా. కరెక్టేనా?” ఆ గొంతులో అనుమానం లేదు, అడగడం తన పని కాబట్టి అడిగాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి తలుపు ఎవరూ తెరవరు. కానీ ఆయన పక్కనే నిలబడి, చెప్పు చెప్పు, ఎంత తగ్గిందో చెప్పు అని సైగ చేస్తున్నారు. “కరెక్టే బాబూ,” అన్నాను. అప్పుడు కూడా, నాదొక్కదాని సంగతే కదా, నేను ఓర్చుకుంటే ఎవరికి నష్టం అనుకున్నాను.

ఎవరికి నష్టమో పదిహేనో రోజున జానమ్మ ఫోన్ చేసినప్పుడు తెలియాల్సింది. “సెల్లె, నాకైతే ఏం తగ్గలే. పదిసార్లు పోయిన ఇయ్యాల. నీకెట్లుంది?” అంది. అత్తమ్మ నా పక్కన చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. తగ్గింది జానమ్మా, రెండుసార్లే, అన్నాను. “నీకు తగ్గితే నాకూ తగ్గుతది తియ్యి. నా ఒంటికి లేటుగ ఎక్కుతదేమో. ఓర్చుకుంట,” అంది, ఎంత ధైర్యంగా అందంటే ఆ ధైర్యం నేనిచ్చిందే. ఆమె ఇంజక్షన్ అడగలేదు. మొన్న సాయంత్రం సంతోష్ ఫోన్ చేశాడు. వాళ్లమ్మ నాటేస్తూ మడిలోనే పడిపోయిందట, ఒంట్లో నీళ్లన్నీ పోయి, సూర్యాపేటలో సెలైన్ ఎక్కిస్తున్నారట. “సుమన్ సార్‌కు ఫోన్ చేద్దమంటే మా అమ్మ ఒద్దంటుంది మేడం. నవనీతమ్మకు తగ్గింది, నాకూ తగ్గుతది, మధ్యల ఒదిలిపెడితే పేరు తీసేస్తరు అంటుంది. జర మీరన్న చెప్పుండ్రి, మీ మాటైతే ఇంటది.” చెప్తాను నాయనా అన్నాను. ఫోన్ పెట్టేశాను, జానమ్మకు మాత్రం చేయలేదు. ఆ రాత్రి అన్నాల దగ్గర అలేఖ్య అడిగింది, ఎన్నిసార్లు అని. రెండు అన్నాను.

అది ఎలా అన్నాను? ఈ ప్రశ్నకే ఈ గంటంతా తిరిగి తిరిగి వస్తున్నాను. మొహం మండుతోంది. చెవుల దాకా వచ్చింది, కుర్చీ చేతులు పట్టుకున్నాను. అలేఖ్య లోపలి నుంచి తొంగి చూసి, ఫోన్‌లో ఒక గీత పెట్టుకుని వెళ్లింది. దానికి కనపడింది కదా. కనపడనిది నేను చెప్తేనే తెలుస్తుంది, నేను చెప్పినదే అది రాస్తుంది, అది రాసినదే డాక్టరు నమ్ముతారు, ఇంకా ఎక్కడెక్కడివాళ్లో కూడబెట్టి చూస్తారు. నాకొచ్చింది ఉత్త మాత్ర అనుకో, నా రెండు చూసి ఉత్తదే పనిచేస్తోంది, ఇక అసలుదెందుకు అనుకుంటారా? అసలు మాత్రే అనుకో, నాకు పనిచేయకపోయినా పనిచేసిందని ఇంకో జానమ్మకు ఇస్తారా? నాకు తెలియదు, నేను ఇంటర్ చదివిన దాన్ని. నాకు తెలిసింది ఒకటే, చెప్తే నన్ను తీసేస్తారేమో. తీసేస్తే ఆరు వారాల తర్వాతి మాత్ర నాకు రాదు. మళ్లీ లావు సూది, మళ్లీ నాలుగో వారం, ఇంకెన్నేళ్లు బతికితే అన్నేళ్లు. నిజంగా సిగ్గుపడి దాచానా, ఈ మాత్ర పోతుందని దాచానా? మొదటి రోజు సిగ్గే. ఇరవై ఐదో రోజు సిగ్గు కాదు. అంత నిజం ఇప్పుడు, నాతో నేనైనా, ఒప్పుకోవాలి.

మళ్లీ లేవాల్సి వచ్చింది. కొళాయి దగ్గరికి చెయ్యి పోయింది. తిప్పలేదు. ఎందుకు తిప్పలేదో చెప్పలేను, ఆలోచించి చేసింది కాదు. చప్పుడు బయటికి వినపడితే వినపడనీ అనుకున్నానో, జానమ్మకు మంచం దగ్గర బెడ్‌పాన్ పెట్టి ఉంటారు, పదిమంది వార్డులో ఏ చప్పుడు చాటుంది అనుకున్నానో. బయటికొచ్చేసరికి తలుపు పక్కన ఆయన నిలబడి ఉన్నారు, భుజం మీద తువ్వాలుతో. ఆయన నా మొహం చూడలేదు, మొట్టమొదటిసారి మొహం చూడకుండా నా చేతులు చూశారు. భుజం మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చారు. ఆయనకు ఎప్పటినుంచి తెలుసో.

ఆరున్నర అయింది. అలేఖ్య గోడ గడియారం చూసి, “అమ్మా, గంట ఖతం. ఉప్మా తెస్తున్న. తినేసి పోదాం, నల్గొండ దాటేలోపు ట్రాఫిక్ ఉండదు,” అంది. అత్తమ్మ పీట జరుపుకుంది. ఆయన కారు తాళాలు బల్ల మీద పెట్టి కూర్చున్నారు. ముగ్గురూ ఒకచోటే ఉన్నారు, ఎవరినీ పిలవాల్సిన పని లేదు. గొంతు పెంచాలనుకోలేదు, పెంచితే ఏడుపు వస్తుంది.

“నల్గొండ మీద వద్దు, సూర్యాపేట మీదుగా పోదాం,” అన్నాను. “జానమ్మ దవాఖానలో ఉంది. నాకు తగ్గిందని నేను చెప్పిన మాట నమ్మి ఆమె ఇంజక్షన్ అడగలేదు. నాకు తగ్గలేదు. ఒక్కరోజు కూడా తగ్గలేదు. మీకు చెప్పినవన్నీ నేను కల్పించి చెప్పినవే. ఆమె మంచం దగ్గర్నుంచే సుమన్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పేస్తాను. నన్ను తీసేస్తే తీసేస్తారు, సూదే వేయించుకుంటాను.”

ఆయన బల్ల మీది తాళాలు చేతిలోకి తీసుకున్నారు.

“అలేఖ్యా, ఫోన్ తియ్యి. ఇవాల్టి గడి ఇంకా తెరిచే ఉంటుంది కదా. రాసుకో. పొద్దున లేచిన కాడ్నుంచి మూడుసార్లు.”